మా గరిడీ తాళం తీయండి: కమిషనర్ గారికీ, క్రీడల అధికారి గారికీ బహిరంగ లేఖ

మా పురపాలక సంఘం కమిషనర్ గారికి, జిల్లా క్రీడల అధికారి గారికి, వార్డు కౌన్సిలర్లకి, పిల్లల్ని చెరువుగట్టు పక్క మైదానానికి పంపే తల్లిదండ్రులకి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి పరిశీలనలో ఉంది అన్నారు. మూడోసారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఆ మెసేజ్ వచ్చిన సాయంత్రమే ఆ మైదానంలో మా గరిడీ షెడ్డు తలుపుకి కొత్త తాళం పడింది. గరిడీ అంటే కర్రసాము, వ్యాయామం నేర్పే చోటు. పరిష్కారం అంటే ఇదా అని అడగడానికి ఆఫీసుకి వెళ్తే సంబంధిత సారు క్యాంపులో ఉన్నారన్నారు. అందుకే ఇక నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ గొడవంతా నాలాంటివాళ్ల గురించే. నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌ని. పదకొండో ఏట మా నాన్న నన్ను చెరువుగట్టు పక్క మైదానానికి తీసుకెళ్లి గురువుగారికి అప్పజెప్పాడు. కర్రసాము నాకు రాదని మొదటి నెలలోనే అందరికీ అర్థమైపోయింది, నాతో సహా. కర్రని వేళ్ల సందుల్లోంచి ఒక చుట్టు తిప్పి మళ్లీ అదే చేత్తో పట్టుకోవడం తోటిపిల్లలకి వారంలో వచ్చింది, నాకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో గురువుగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. వారంలో నేర్చేసుకున్న పిల్లల్ని మాత్రం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు.

ఆయన తిక్కమనిషి. ఊళ్లో అందరూ అనే మాటే ఇది, నేను గౌరవంగానే అంటున్నాను. కొత్తగా చేరినవాళ్లని నలభై రోజులదాకా కర్ర ముట్టుకోనివ్వరు. చీపురిస్తారు. మైదానం ఊడవాలి, రాళ్లు ఏరాలి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలి, ఆ తర్వాత దండీలు, బస్కీలు. నలభై ఒకటో రోజున పచ్చి వెదురు గెడ ఒకటి చేతిలో పెట్టి "ఇది ఇంకా కర్ర కాలేదురా, దీన్ని కర్రని చెయ్యి" అంటారు. కణుపులు గీకి నున్నగా చేసుకోవడం, నీడలో ఆరబెట్టుకోవడం, వంకరుంటే సన్నసెగ మీద చూపించి సరిచేసుకోవడం, నూనె పట్టించడం, అన్నీ ఎవరిది వాళ్లే చేసుకోవాలి. బజార్లో కొనుక్కొచ్చిన కర్రతో వచ్చినవాడికి దాన్ని పశువుల్ని తోలుకోడానికి వాడుకోమని చెప్పి ఇంటికి పంపేస్తారు.

చూడగానే పట్టేసే పిల్లలు కొందరుంటారు కదా, వాళ్లకి ఆయన పెట్టిన పేరు "అల్లుడుగారు". అత్తారింట్లో అల్లుడికి కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి, అలాగన్నమాట. అల్లుడుగారి కుడిచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి, ఎడంచేత్తో మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టిస్తారు. "కుడిచేతికి దేవుడిచ్చాడు, ఎడంచేతికి నువ్వియ్యి." కొందరు అల్లుళ్లు రెండోరోజే మానేసేవాళ్లు. ఉండిపోయినవాళ్లు మాత్రం రెండు చేతులా కర్ర తిప్పుతుంటే చూడ్డానికి రెండు కళ్లు చాలవు. కాబట్టి ఆయనకి టాలెంట్ అంటే పడదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కష్టపడకుండా వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోరు, అంతే.

ఆయన దగ్గర ఒక హాజరు పుస్తకం ఉంటుంది. అందులో గెలుపోటములు ఉండవు, పతకాలు ఉండవు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారన్నది ఒక్కటే ఉంటుంది. పోటీకెళ్లి బహుమతి తెచ్చిన కుర్రాడి పేరుకి ఎదురుగా కూడా ఆ మూడు రోజులూ గైర్హాజరు అనే రాసుంటుంది. ఫీజు లేదు. దసరాకి ప్రతి విద్యార్థీ ఒక తట్టెడు మెత్తటి మట్టి తెచ్చి మైదానంలో పోయాలి, అదే గురుదక్షిణ. ఇన్నేళ్లుగా పోసిన ఆ మట్టి మీదే ఇప్పుడు మీరు ముగ్గుతో గీతలు కొట్టించారు.

ఒకసారి ఎవరో పెద్దమనిషి వచ్చి మాటల్లో కోడి రామమూర్తి నాయుడు గారు పుట్టుకతోనే బలశాలి కదండీ అన్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ నడిపి, కదిలే కార్లని గొలుసులతో ఆపి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి ఆయన. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు, మా షెడ్డులో ఆంజనేయస్వామి పటం పక్కన ఆయన ఫోటోనే ఉంటుంది. గురువుగారికి ఒళ్లు మండింది. "పుట్టుకతో ఎవడికైనా ఏడుపొక్కటే వస్తుంది బాబూ, మిగతాదంతా గరిడీలో సంపాదించుకున్నదే" అన్నారు. ఆ పెద్దమనిషి మళ్లీ కనిపించలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. జరిగింది ఇది.

ఈ వేసవిలో మీ ఆఫీసు తరఫున ఆ మైదానంలో పిల్లలకి టాలెంట్ సెలక్షన్ పెట్టారు. క్రీడా పాఠశాలల ఎంపికల్లో పెట్టే పరీక్షలే: ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, 6×10 షటిల్ (పది మీటర్ల దూరం అటూ ఇటూ ఆరుసార్లు పరిగెత్తడం), మెడిసిన్ బాల్ అనే బరువైన బంతి విసరడం, వంగడం, 800 మీటర్ల పరుగు. ఒక్కరోజులో అయిపోయింది. ఎంపికైన పిల్లల పేర్లతో లిస్టు అంటించారు. ఆ తర్వాత వారంలో మైదానం వేళలు మార్చారు. పొద్దున ఏడున్నరదాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిదాకా లిస్టులో ఉన్న పిల్లలకే. మిగతావాళ్లు పేరు నమోదు చేసుకుని ఖాళీ స్లాటులో వాడుకోవచ్చన్నారు. ఆ ఖాళీ స్లాటు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు. కర్రసాము గుర్తింపు పొందిన క్రీడల్లో లేదనీ, నేర్పే వ్యక్తికి కోచింగ్ సర్టిఫికెట్ లేదనీ, కాబట్టి షెడ్డు స్వాధీనం చేసుకుంటున్నామనీ నోటీసులో రాశారు.

మా వైపు తప్పు కూడా దాచను. తనిఖీకి వచ్చిన అధికారి "ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవరు" అని అడిగితే గురువుగారు ఆయన చేతిలో చీపురు పెట్టి "కొత్తగా చేరినవాళ్లు ఆ మూల నుంచి మొదలుపెట్టాలి" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ సారుకి మనసు కష్టపడి ఉంటుంది, పాత విద్యార్థులందరి తరఫునా క్షమాపణ చెప్తున్నాం. గురువుగారు చెప్పరు, ఆయన దృష్టిలో అది మర్యాదే. కలెక్టరు గారబ్బాయికీ, చేపలమ్మే ఆమె కూతురికీ ఆయన ఇచ్చేది ఆ చీపురే.

ఇప్పుడు దీనివల్ల ఎవరికి ఏం నష్టమో వరసగా చెప్తాను.

1. లిస్టులో లేని పిల్లలు. తొమ్మిది, పదేళ్ల వయసులో ఒక్కరోజు పెట్టిన పరీక్షలో తెలిసేది ఆ రోజుకి ఎవరు ఎక్కువ ఎదిగారన్నదే. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గ్రూపులో పరిగెడితే, ఆ వయసులో పదకొండు నెలల తేడా అంటే చిన్నదా? కెనడాలో ఐస్ హాకీ జట్లకి ఎంపికైన పిల్లల్లో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉన్నారని పరిశోధకులు 1980ల్లోనే గమనించారు. తర్వాత ఫుట్‌బాల్‌లో కూడా అదే కనిపించింది. అంటే మనం టాలెంట్ అనుకుని ఏరుకున్నదాంట్లో కొంత పుట్టినతేదీ కూడా ఉంటుంది. ఇది మా అబ్బాయి చదివి చెప్పేదాకా నాకూ తెలీదు, గురువుగారికి ఇప్పటికీ తెలీదు. కానీ నలభై రోజులు చీపురు పట్టించడంలో ఆయన చేసేది దానికి మందే. నలభయ్యో రోజుకి కూడా ఎవరు వస్తున్నారో చూస్తారాయన. ఆ పరీక్షలో పుట్టినతేదీకి మార్కులుండవు.

లిస్టులో పేరు లేదని ఇంటికెళ్లి ఏడ్చిన పిల్లల్ని నేను చూశాను. తొమ్మిదేళ్ల పిల్లాడికి నీలో ఏమీ లేదని గోడమీద కాగితం అంటించి చెప్పాల్సిన అవసరం ప్రభుత్వానికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కావట్లేదు. ఆ వయసులో నాకే ఆ పరీక్ష పెట్టుంటే చివరి పేరు కూడా నాది అయ్యుండేది కాదు. నా బతుకులో నేను పట్టుదలగా నేర్చుకున్న మొదటి విషయం కర్ర. రెండోది ఇంజను. ఊడిరాని నట్టు దగ్గర గంటసేపు కూర్చునే ఓపిక నాకు గ్యారేజీలో ఎవరూ నేర్పలేదు, దాన్ని పట్టుకునే వెళ్లాను.

2. ఆడపిల్లలు. సాయంత్రం అయిదున్నర బ్యాచిలో సగం మంది వాళ్లే. ట్యూషన్ వదిలాక నేరుగా అక్కడికొచ్చి, ఏడింటికి గుంపుగా ఇళ్లకి వెళ్లేవాళ్లు. గుంపుగా వెళ్లడమే సగం ధైర్యం, మిగతా సగం చేతిలో కర్ర. మధ్యాహ్నం స్లాటుకి ఏ తల్లి పంపిస్తుంది?

3. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు అని రాసినవారు రోహిణి కార్తెలో ఆ మట్టి మీద చెప్పుల్లేకుండా రెండు నిమిషాలు నిలబడి చూడండి.

4. చదువు మధ్యలో ఆగిపోయిన కుర్రాళ్లు. వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. టెన్త్ తప్పి, ఏ పనిలోనూ కుదురుకోక, చెరువుగట్టు మీద సీసాలతో కూర్చునే వయసు పిల్లలు. పొద్దున నాలుగున్నరకి గురువుగారు వీళ్ల ఇళ్ల ముందుకెళ్లి కర్రతో గుమ్మం మీద మూడు దెబ్బలు కొడతారు. లేవకపోతే మొత్తం వీధి లేస్తుంది, ఆ భయానికైనా లేచి వస్తారు. ఇలా వచ్చినవాళ్లలో కొందరు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకి ప్రాక్టీసు చేసి యూనిఫాం వేసుకున్నారు, ఇద్దరు ఆర్మీలో ఉన్నారు. ఇంకా ఏమీ కానివాళ్లూ ఉన్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఏమీ కాకపోయినా పొద్దున లేస్తున్నారు. వాళ్ల తల్లులకి అది చాలు. ఈ కుర్రాళ్లు మీ సెలక్షన్‌కి రానేలేదు, వయసు దాటిపోయింది కాబట్టి. అంటే వాళ్లకి ఊళ్లో ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోయినట్టే.

5. పండగలు. మా వైపు దసరాకి, అమ్మవారి జాతరకి, విజయనగరం సిరిమాను పండక్కి కర్రసాము, కత్తిసాము లేని ఊరేగింపు ఊహించలేం. సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తే పోటీలకి తయారయ్యేది కూడా ఇలాంటి గరిడీల్లోనే. ఊరేగింపు రోజున ఆఫీసర్లు కూడా వేదిక మీద కూర్చుని చప్పట్లు కొడతారు. ఆ ఒక్క గంటకి ఏడాదంతా పొద్దున్నే లేవాలి, లేవడానికి ఒక చోటుండాలి.

గుర్తింపు సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే నోటీసులో గట్టి కారణం అదే. కేరళ కళరిపయట్టు, పంజాబ్ గత్కా, మణిపూర్ థాంగ్-టా, మల్లఖంబ్, ఈ నాలుగూ 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో ఉన్నాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగినప్పుడు వాళ్ల సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టుకున్నారు. సిలంబం అంటే ఏమిటి? వెదురు కర్రతో చేసే సామే కదా. మన కర్రసాముకి అన్నదమ్ముల వరస. వాళ్ల ప్రభుత్వం అడిగింది, వాళ్లకి చోటు దొరికింది. మన కర్రసాము ఆ జాబితాలో లేకపోతే ఆ తప్పు చెరువుగట్టు మీద మట్టి పోసిన ముసలాయనదా? అడగాల్సినవాళ్లే అడగకుండా, గుర్తింపు లేదని తాళం వేస్తే, ఇక ఎప్పటికైనా గుర్తింపు వస్తుందా?

సర్టిఫికెట్ సంగతి అంతకన్నా విచిత్రం. కోచింగ్ డిప్లొమా అంటే పటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) అంటారు. అక్కడ బాక్సింగ్‌కి, కుస్తీకి, జూడోకి ఉంది. కర్రసాముకి లేదు. లేని కాగితం తెమ్మంటే ఆయన ఎక్కణ్నుంచి తెస్తారు? 2017లో కేరళ వడకరకి చెందిన మీనాక్షి అమ్మ గారికి పద్మశ్రీ ఇచ్చారు. డెబ్బై దాటిన వయసులో చీర కట్టుకుని కత్తి పట్టి పిల్లలకి కళరిపయట్టు నేర్పే మనిషి, ఫీజు అడగరు, ఇచ్చిన గురుదక్షిణే తీసుకుంటారు. ఆవిడ డిప్లొమా చూసి ఇచ్చారా పద్మశ్రీ? మా గురువుగారికి బిరుదులేమీ అడగడం లేదు, ఇచ్చినా ఆయన దాన్ని షెడ్డులో ఎక్కడో మేకుకి తగిలించి దానిమీద తువ్వాలు ఆరేస్తారు. తాళంచెవి అడుగుతున్నాం.

మేం అడిగేవి ఇవి. ఏదీ ఖజానాకి బరువు కాదు.

1. షెడ్డు తాళం వెంటనే తీయాలి. లోపల పిల్లలు సొంతంగా తయారుచేసుకున్న కర్రలు ఉన్నాయి, నూనె పట్టించకుండా వదిలేస్తే పగుళ్లొస్తాయి, పురుగు పడుతుంది. మిగతా విషయాలు తేలేదాకా కనీసం అవైనా బయటికి తీసుకోనివ్వండి. హాజరు పుస్తకాలు కూడా లోపలే ఉన్నాయి, అవి తడవకూడదు.

2. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు, ఈ రెండు వేళలు మైదానంలో ఒక పక్క మాకు వదలాలి. మొత్తం మైదానం అక్కర్లేదు, చెరువువైపు మూల చాలు. ఎంపికైన పిల్లల మీద మాకేం కోపం లేదు, వాళ్లూ మా ఊరి పిల్లలే. నిజానికి ఆ లిస్టులో నలుగురైదుగురు మా "అల్లుడుగార్లే".

3. ఎంపిక లిస్టు అలా గోడకి అంటించడం ఆపండి. ఎంపికైన పిల్లల ఇళ్లకి కబురు పంపితే సరిపోతుంది. ఎంపిక కూడా ఒక్కరోజుతో తేల్చకండి, రెండు మూడు నెలలు పిల్లల్ని రానిచ్చి, ఎవరు మెరుగవుతున్నారో చూసి నిర్ణయించండి.

4. కర్రసాముని జిల్లా స్థాయి పోటీల్లో చేర్చమని, ఖేలో ఇండియాకి పంపే ప్రతిపాదనల్లో పెట్టమని జిల్లా క్రీడల అధికారి గారు పైకి ఒక లేఖ రాయాలి. ఆ లేఖ నకలు మాకు ఇవ్వాలి. నకలు అని ఎందుకంటున్నానంటే, పరిష్కరించబడినది అనే మెసేజ్ అనుభవం ఉంది కాబట్టి.

5. పిల్లల భద్రత కోసం తనిఖీ చేయండి, మేం సంతోషంగా సహకరిస్తాం. ఫస్ట్ ఎయిడ్ డబ్బా లేదన్నారు, నిజమే, కొన్నాం. దీపం లేదన్నారు, అదీ నిజమే, గురువుగారు చీకట్లో కర్ర చప్పుడు విని తప్పులు పట్టేస్తారు గానీ పిల్లలకి వెలుతురు కావాలి. ఒక స్తంభం లైటు వేయించండి, కరెంటు బిల్లు పాత విద్యార్థులం కట్టుకుంటాం.

తల్లిదండ్రులకి రెండు మాటలు. లిస్టులో మీ పిల్లాడి పేరుంటే సంతోషం, కానీ మైదానం మీ ఒక్కరిదే అనుకోకండి. లేకపోతే వాణ్ని ట్యూషన్‌లో పడేసి ఆటలు మాన్పించకండి. మీలో కొంతమంది ఆఫీసుకి వెళ్లి "ఆ ముసలాయన మా పిల్లల చేత చీపురు పట్టిస్తున్నాడు" అని ఫిర్యాదు చేశారని తెలిసింది. పట్టిస్తారు. ఆయన కూడా పడతారు. పొద్దున నాలుగింటికి మీరు ఒకసారి వచ్చి చూస్తే, పిల్లలకన్నా ముందొచ్చి సగం మైదానం ఆయనే ఊడ్చేసి ఉంటారు, మిగతా సగం పిల్లలకి వదిలిపెడతారు.

తాళం పడ్డాక కూడా ఆయన రావడం మానలేదు. గేటు బయట రోడ్డు వారన ఊడుస్తున్నారు. పదిమంది పిల్లలు అక్కడే రోడ్డు మీద బస్కీలు తీస్తున్నారు, లారీలు వస్తే పక్కకి జరుగుతున్నారు. ఆ రోడ్డు సంగతి మీకు తెలుసు, ఇసుక లారీలు అయిదింటికే మొదలవుతాయి. నాకు టెన్షన్ అంతా దాని గురించే. ఏదైనా జరగరానిది జరిగాక స్లాట్ల గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

వచ్చే సోమవారం పదింటికి గ్రీవెన్స్‌కి నాలుగోసారి వస్తున్నాం, పాత విద్యార్థులం, కొందరు తల్లులు, పిల్లలు. నినాదాలు చెయ్యం. గురువుగారు రారు, ఆయన్ని బతిమాలినా ఆఫీసులకి రారు. ఆయన బదులు హాజరు పుస్తకం తెద్దామనుకున్నాం, అది మీరు తాళం వేసిన షెడ్డులో ఉంది. దయచేసి ఆ రోజు వచ్చేటప్పుడు తాళంచెవి వెంట తెప్పించండి.

ఇట్లు,
గరిడీ పాత విద్యార్థుల తరఫున
ఒక ఆర్టీసీ మెకానిక్